ప్రిన్సిపాల్ అయ్యగారికి వీడ్కోలు: శాలువా కంటే ముందు చూడాల్సినవి

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కందుకూరు వైపు ఉన్న మీ సెమినరీలో ప్రిన్సిపాల్ అయ్యగారు మే నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. సన్మాన కమిటీకి మిమ్మల్ని కన్వీనర్‌గా వేశారు. ఒకరు బంగారు ఉంగరం పెడదామంటున్నారు, ఒకరు ఊరేగింపు అంటున్నారు, ఇంకొకరు హైవే దాకా ఫ్లెక్సీలు కట్టాలంటున్నారు. కొత్త ప్రిన్సిపాల్ గారి బాధ్యతల స్వీకారం కూడా అదే రోజు కానిచ్చేస్తే ఖర్చు కలిసొస్తుందని బోర్డులో ఒక మాట నడుస్తోంది. ఏం చేస్తే ఆయనకు నిజంగా గౌరవంగా ఉంటుంది, ఎవరితో మాట్లాడించాలి, ఏ వాక్యం చదివించాలి అన్నది మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. ముందు ఆయనకు రావాల్సిన డబ్బు, ఆయన వెళ్లి ఉండబోయే ఇల్లు, ఈ రెండింటి సంగతి తేల్చండి. సభ ఆ తర్వాత. సభకు ఒక సాయంత్రం, రెండు గంటలు చాలు. పోగైన డబ్బులో పెద్ద భాగం సంస్థ పేరు మీద నిలిచే దాంట్లో పెట్టండి. కొత్తాయన బాధ్యతల స్వీకారం వేరే రోజు పెట్టుకోండి.

ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య బైబిలు కాలేజీల్లో ముందు ఆఫీసు పని, తర్వాత పాఠాలు చెప్పే పని చేశాను. ఇలాంటి సభలు దగ్గరుండి నడిపించాను, కొన్నింటికి వెనక వరుసలో కూర్చుని వచ్చాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

డబ్బు సంగతి మొదట ఎందుకు చెప్పానంటే, మన సంస్థల్లో ఎవరూ నోరు తెరిచి అడగని విషయం అదే. సెమినరీలో పాఠం చెప్పే అయ్యగార్లకు గవర్నమెంటు పెన్షన్ ఉండదు. చాలామంది జీతం ఎంత ఉంటుందో మీకూ తెలుసు. స్పాన్సర్ల డబ్బు ఆలస్యమైన నెలల్లో హాస్టల్ మెస్సు ఆగకూడదని తమ జీతం వెనక్కి నెట్టుకున్న ప్రిన్సిపాళ్లు ఉన్నారు. ఆ బకాయిలు పుస్తకాల్లో అలాగే మిగిలిపోతాయి. ఒక చోట ఇలాగే ఘనంగా సభ జరిగింది. వెండి జ్ఞాపిక ఇచ్చారు, మైకులో "మన ఆత్మీయ తండ్రి" అని పదిసార్లు అన్నారు. తర్వాత ఆ తండ్రిగారే బకాయి కోసం నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగారు. ట్రెజరర్ ఎదురైతే ఈ అయ్యగారే తల దించుకుని పక్కకు తప్పుకునేవారు, ఇవ్వాల్సింది అటువైపు వాళ్లయినా సరే.

కాబట్టి మీ కమిటీ మొదటి మీటింగుకి ఫ్లెక్సీ వాళ్లను కాదు, అకౌంటెంటుని పిలవండి. మూడు విషయాలు రాయించుకోండి: జీతం బకాయి, పీఎఫ్, గ్రాట్యుటీ. గ్రాట్యుటీ చట్టం 1972 నాటిది. 2009 సవరణతో టీచర్లు కూడా దాని కిందికి వచ్చారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. లెక్క కష్టమేం కాదు. చివరి నెల బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేస్తే ఒక ఏడాదికి ఎంతో తేలుతుంది. దాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేయాలి. ఉదాహరణకి 39,000 జీతం, 20 ఏళ్ల సర్వీసు అనుకోండి. ఏడాదికి 22,500, మొత్తం నాలుగున్నర లక్షలు. కాన్ఫరెన్సు (సంఘాల సమాఖ్య) నుంచి పోస్టింగ్ మీద వచ్చిన పాస్టరుకి ఇది వర్తిస్తుందా, కాలేజీ నేరుగా వేసుకున్నవాళ్లకేనా అని బోర్డులో వాదన రావచ్చు. అది మీ ఆడిటర్ తేల్చాల్సిన విషయం. చట్టప్రకారం బాధ్యత లేదని తేలినా బోర్డు తీర్మానం చేసి ఎంతో కొంత ఇవ్వడాన్ని ఎవరూ ఆపరు. ఆ చెక్కు స్టేజీ మీద ఇవ్వకండి. అది ఆయన హక్కు, కానుక కాదు. రెండు రోజుల ముందు ఆఫీసులో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సంతకం తీసుకుని ఇవ్వండి.

ఇంటి సంగతి కూడా అంతే. ప్రిన్సిపాల్ బంగళాలో ఏళ్ల తరబడి ఉన్న కుటుంబం ఖాళీ చేసి ఎక్కడికి వెళ్తుంది? సొంత ఊళ్లో ఇల్లుందా? పిల్లల దగ్గరికి వెళ్తారా? కొత్తాయన జూన్‌లో దిగుతారు కాబట్టి బంగళాకి సున్నం వేయించాలని మేస్త్రీ మే మొదట్లోనే వచ్చి గోడలు కొలిచి పోవడం చూశాను, లోపల ఇంకా మనుషులు ఉండగానే. నెల రోజులు గడువు ఇస్తూ రాతపూర్వకంగా ఒక కాగితం ఇవ్వండి. సామాను తీసుకెళ్లే లారీ ఖర్చు కమిటీ పెట్టుకోండి. ఆయన సొంత పుస్తకాలు ఎన్ని అట్టపెట్టెలవుతాయో మీరు ఊహించలేరు.

ఇక అప్పగింతలు. సన్మానం గురించి అడిగితే ఇదేంటి అంటారేమో. ఒక మనిషి ఇన్నేళ్లు మోసినదాన్ని పద్ధతిగా అందుకోవడం కూడా గౌరవమే. తాళాలు, సీలు, బ్యాంకు సంతకాలు, డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్‌తో నడిచిన ఉత్తరాలు, మార్కుల రిజిస్టర్లు, ఈమెయిల్ పాస్‌వర్డులు, ఇవన్నీ ఎవరైనా గుర్తుపెట్టుకునేవే. మర్చిపోయేది భూమి.

మన వైపు పాత మిషన్ స్థలాల సంగతి తెలుసు కదా. రామాయపట్నంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు 1870లలో సెమినరీ పెట్టినప్పటి నుంచి ఈ తీరం వెంబడి మిషన్ కాంపౌండ్లు ఎన్నో వెలిశాయి. పోర్టు మాట మొదలయ్యాక ఆ చుట్టుపక్కల నేల మీద అందరి కళ్లూ పడ్డాయి. కాగితాల చిక్కు ఇంకొకటి. కందుకూరు ప్రాంతం 1970కి ముందు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) పుట్టాక అందులోకి వచ్చింది, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. అంటే ఒకే స్థలానికి పాత దస్తావేజు మీద నెల్లూరు, తర్వాతి రసీదుల మీద ప్రకాశం, 2022 తర్వాతి వాటి మీద మళ్లీ నెల్లూరు. ఏ ఫైలు ఎక్కడుందో, ఏ కేసు ఏ వాయిదాలో ఉందో బోర్డులో అందరికంటే బాగా తెలిసింది వెళ్లిపోతున్న మనిషికే.

ఒక రోజు పొద్దున్నే ఆయనతో కలిసి కాంపౌండు హద్దుల వెంట నడవండి. ఫోనులో వీడియో తీస్తూ ఉండండి. ఒక సెమినరీలో మేము అలా నడిచినప్పుడు అయ్యగారు తాటిచెట్ల వరుస దగ్గర ఆగి, కర్రతో మట్టి గీకి, మట్టిలో పూడిపోయిన సర్వే రాయి చూపించారు. పక్కన పొలం ఆయన ఏ ఏడు ఎంత లోపలికి జరిగిందీ, ఎవరి ముందు మాట్లాడి వెనక్కి జరిపించిందీ నడుస్తూనే చెప్పారు. తహసీల్దారు ఆఫీసులో ఆ వీడియో తర్వాత పనికొచ్చింది. ఆ నడకలో అయ్యగారి ముఖంలో కనిపించిన సంతోషం సన్మానసభలో కనిపించలేదు. ఆ మాట ఆయనే అన్నారు.

సభకు వద్దాం. మన సభలన్నీ ఎందుకు విసుగ్గా ఉంటాయంటే, స్టేజీ మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ మాట్లాడాలి, మాట్లాడినవాళ్లంతా ఒకే మాట మాట్లాడతారు. "దీనుడు, సాత్వికుడు, ప్రార్థనాపరుడు." ఆయన పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా ఆ ప్రసంగం చెల్లుతుంది. అందుకని వక్తలు ఐదుగురికి మించవద్దు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ప్రతి ఒక్కరూ తాము కళ్లారా చూసిన ఒకే ఒక్క సంగతి చెప్పాలని ముందే మాట తీసుకోండి.

ఎవరెవరు? బోర్డు నుంచి ఒకరు చాలు. తోటి అధ్యాపకుల్లో ఒకరు. పాత విద్యార్థుల్లో పేరున్న పట్నం పాస్టరుని కాకుండా, కనిగిరి మెట్టలోనో ఉదయగిరి వైపో చిన్న సంఘంలో ఏళ్లుగా నిలబడి పనిచేస్తున్నవాణ్ణి పిలవండి. మెస్సులో వండే ఆవిణ్ణో, వాచ్‌మన్‌నో ఒకరిని. ఐదోది చదువుతున్న విద్యార్థి. ఒక వీడ్కోలు సభలో వంటావిడ మైకు పట్టుకోవడానికి భయపడింది. చివరికి చెప్పింది రెండు ముక్కలే: "తుఫాను రోజు పిల్లలకు కూర లేదంటే అయ్యగారే గొడుగేసుకుని బజారుకి పోయి ఎండుచేపలు తెచ్చారు. చింతకాయ కూడా ఆయనే వలిచారు." హాలంతా నవ్వింది, అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతకుముందు ముప్పావుగంట మాట్లాడిన పెద్దల మాట ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేదు.

సెమినరీ పెద్దను తూచాల్సింది ఆయన చేసిన ప్రసంగాలతో కాదు, ఆయన చేతి కింద తయారైనవాళ్లతో. ఇది మన నేల మీద కొత్త సంగతేం కాదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గొప్పగా చెప్పుకుంటాం, అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి పేరుతో చెప్పుకుంటాం. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మాలిచ్చింది ఆరుగురు స్థానిక బోధకులు, ఇద్దరిద్దరు వంతులు మార్చుకుంటూ. దొరగారు పని సవ్యంగా జరిగేలా చూసుకున్నారు. ఇంటర్ తప్పి వచ్చిన కుర్రాణ్ణి సంఘం నిలబెట్టే పాస్టరుగా చేసి పంపిన ప్రిన్సిపాల్ పని కూడా అలాంటిదే, అందుకే ఆయన పని కనపడదు. దాన్ని కనపడేలా చెయ్యడమే మీ కమిటీ పని.

అందుకు నాకు తెలిసిన మంచి దారి ఒకటుంది. పాత విద్యార్థులందరికీ వాట్సాప్‌లో ఒకే ప్రశ్న పంపండి: "అయ్యగారి దగ్గర నేర్చుకున్నది ఏదైనా ఈ ఏడాది మీ సంఘంలో ఎక్కడ వాడారు? చేత్తో ఒక పేజీ రాయండి." పొగడ్తలు వద్దని స్పష్టంగా చెప్పండి. ఒకరు భూతగాదాలో అన్నదమ్ముల్ని కూర్చోబెట్టిన పద్ధతి రాస్తారు. ఒకరు అంత్యక్రియల్లో ఏం మాట్లాడకూడదో రాస్తారు. ఆ పేజీలన్నీ జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగ్ చేయిస్తే అయ్యే ఖర్చు ఒక మంచి శాలువా ఖరీదు కూడా ఉండదు. సావనీరు అచ్చు వేద్దామన్న ఆలోచన మానుకోండి. అందులో సగం పేజీలు నాయకుల శుభాకాంక్షలు, యాడ్సుతోనే నిండిపోతాయి.

శాలువాలు మొత్తం మానేయమని చెప్పను, మన వైపు అది సాధ్యం కాదు. ఏ సంఘం నుంచి వచ్చినవాళ్లు ఆ సంఘం తరఫున కప్పాలనుకుంటారు, కాదంటే నొచ్చుకుంటారు. సభ మొదలవడానికి ముందు అరగంట బయట పందిట్లో ఆయన్ను కూర్చోబెట్టండి. కప్పేవాళ్లు కప్పుతారు, ఫోటోలు దిగుతారు, అక్కడితో ఆ ముచ్చట తీరిపోతుంది. సభలో మాత్రం సంస్థ తరఫున ఒకే శాలువా. ఫ్లెక్సీ ఒక్కటి, గేటు దగ్గర. దాని మీద "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని" అని మాత్రం వేయించవద్దని నా మనవి. పౌలు ఆ మాట మరణం ముందుంచుకుని రాశాడు. రిటైరయ్యాక మనవడితో ఆడుకుందామని, నాలుగు ఊళ్లు తిరిగి వాక్యం చెప్దామని అనుకుంటున్న మనిషికి గేటు దగ్గరే అది కనపడితే ఎలా ఉంటుంది? మన జిల్లాల్లో ప్రతి వీడ్కోలు ఫ్లెక్సీ మీదా అదే ఉంటుంది, చదివినవాళ్లెవరూ ఆలోచించినట్టు లేదు.

చదవడానికి అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం 17 నుంచి చివరిదాకా బాగుంటుంది. ఎఫెసు పెద్దల్ని మిలేతుకి పిలిపించి పౌలు వీడ్కోలు చెప్పే భాగం. అందులో పొగడ్త లేదు. ఎవరి వెండి బంగారాలకూ వస్త్రాలకూ ఆశపడలేదన్న లెక్క ఉంది, వెళ్లాక రాబోయే ప్రమాదం గురించి హెచ్చరిక ఉంది, చివర్లో అందరూ మోకాళ్లూని ప్రార్థించి ఓడ దాకా సాగనంపడం ఉంది. బంగారు ఉంగరం పెట్టబోయే సభలో ఈ భాగం చదివితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి. ఇంకొకటి 1 సమూయేలు 12. సమూయేలు జనం ముందు నిలబడి, నేనెవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిదను పట్టుకున్నాను, ఎవరికి అన్యాయం చేశాను చెప్పండి అని అడుగుతాడు. మీ అయ్యగారు లెక్కల్లో నిక్కచ్చి మనిషైతే ఇదే చదివించండి.

డబ్బు ఎక్కడి నుంచి? విదేశీ విరాళాల ఖాతా నుంచి దీనికి ఒక్క రూపాయి కూడా తీయకండి. ఆ డబ్బు ఏ పనికి వచ్చిందో ఆ పనికే వాడాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత పాలనా ఖర్చులకు కూడా 20 శాతం దాటకూడదు. ఉంగరం బిల్లు ఏ పద్దు కింద రాసినా ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది. ఇప్పుడు చదువుతున్న పిల్లల దగ్గర కూడా వసూలు వద్దు. తలా ఐదొందలు అని నోటీసు బోర్డులో పెడితే, ఇంటి నుంచి డబ్బు రాని పిల్లవాడు ఎవరి దగ్గర చేబదులు తీసుకుంటాడో మీకు తెలియదు. పాత విద్యార్థులు, సంఘాలు, బోర్డు సభ్యులు, ఈ ముగ్గురి దగ్గరే తీసుకోండి, ప్రతి పైసాకీ రసీదు ఇవ్వండి.

ఉంగరానికి బదులు ఆయన పేరుతో ఒక బహుమతి పెట్టండి. లక్ష రూపాయలు ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేస్తే ఏడు శాతం వడ్డీ దొరికితే ఏటా ఏడు వేలు వస్తుంది. ఆయన ఏది ఇష్టంగా చెప్పారో దానికి పెట్టండి: గ్రీకు కావచ్చు, పల్లెటూరి పరిచర్య కావచ్చు. డిపాజిట్ సంస్థ పేరు మీదే ఉండాలి, బాండు నకలు బోర్డు మినిట్స్‌లో అతికించాలి. ఇలాంటి ఒక నిధి ట్రెజరర్ సొంత పేరు మీద ఉండి, ఆయన పోయాక ఇంటివాళ్లకూ సంస్థకూ గొడవై, చివరికి బహుమతే ఆగిపోయింది. లక్ష పోగవలేదా, లైబ్రరీకి ఒక బీరువా పుస్తకాలు కొనండి. ఏ పుస్తకాలో ఆయన్నే లిస్టు రాయమనండి.

అమ్మగారి గురించి మీ ప్రశ్నలో ఒక్క ముక్క కూడా లేదు. హాస్టల్ పిల్లలకు జ్వరమొస్తే గంజి కాచింది, ఆడపిల్లల కష్టాలు విన్నది, అర్ధరాత్రి వచ్చిన అతిథికి అన్నం పెట్టింది ఆవిడ. జీతం లేని ఉద్యోగం. చీర పెట్టి ఫోటో తీసి కూర్చోబెట్టకండి. ఆవిడకు మాట్లాడాలని ఉందేమో ముందే అడగండి. వద్దంటే బలవంతం వద్దు.

తేదీ విషయం త్వరగా ముగిస్తాను. మే నెలాఖరులో పెట్టకండి. పిల్లలు సెలవులకు ఊళ్లకు పోయి ఉంటారు, రోహిణి కార్తె ఎండలో ఒంగోలు నుంచి పెద్దవాళ్లు రాలేరు. ఈస్టర్ అయ్యాక, పిల్లలు ఊళ్లకు పోకముందు ఒక మంగళవారం సాయంత్రం ఐదున్నరకి పెట్టండి. శని, ఆదివారాలు పాస్టర్లకు కుదరవు, శుక్రవారం చాలా సంఘాల్లో ఉపవాస ప్రార్థన ఉంటుంది. భోజనంలో చేపల పులుసు ఉంటే మిగతాది ఎవరూ పట్టించుకోరు.

బాధ్యతల స్వీకారం వేరే రోజు ఎందుకన్నానంటే, రెండూ కలిపితే వచ్చినవాళ్ల చూపంతా కొత్తాయన మీదే ఉంటుంది. దండలు కూడా అటే పోతాయి. పాతాయన కుర్చీ మెల్లగా పక్కకు జరుగుతుంది, ఇది చాలాసార్లు చూశాను. జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు ఉదయం చాపెల్‌లో క్లుప్తంగా పెట్టుకోండి. పాత ప్రిన్సిపాల్ గారిని పిలవండి. సంఖ్యాకాండం 27లో మోషే యెహోషువ మీద చెయ్యి ఉంచినట్టు, ఆయనే కొత్తాయన మీద చెయ్యి ఉంచి ప్రార్థించాలి. ఆ తర్వాత ఒక ఏడాది పాటు కాలేజీ నిర్ణయాల్లో ఆయన్ను లాగకండి. ఆయన దగ్గరికి ఫిర్యాదులు మోసుకెళ్లే స్టాఫు ప్రతిచోటా ఉంటారు, అది ఇద్దరికీ మంచిది కాదు.

ఒక్క జాగ్రత్త. మీరు రాయలేదు గానీ, కొన్నిచోట్ల పెద్దాయన వెళ్లడం వెనుక బోర్డులో రెండు వర్గాలు, కోర్టు కేసు ఉంటాయి. అలాంటి పరిస్థితే అయితే పైన చెప్పిన సభ పెట్టకండి. మైకు ఎవరి చేతికి పోతుందో మీ అదుపులో ఉండదు. స్టాఫు, పిల్లలు మాత్రమే కూర్చుని ఒక ఆరాధన, ఒక భోజనం పెట్టుకోండి. పాత విద్యార్థులు చేత్తో రాసిన పేజీల పుస్తకం మాత్రం తప్పకుండా ఇవ్వండి, దానికి ఏ వర్గమూ అడ్డుపడదు.

బడ్జెట్ ఎంత, బయటి ఊళ్ల నుంచి ఎంతమంది వస్తారు, ఆయన ఏ సబ్జెక్టు చెప్పేవారు, ఈ మూడూ ఇక్కడే రాయండి. ప్రోగ్రాం షీటు తయారుచేసి పెడితే చూసి చెబుతాను.